పిల్లలకూ ఒక ప్లేడే



వ్యాయామ విభాగం పేజీ అనగానే ఎంపిక పోటీల తేదీలు, గెలిచిన పిల్లల ఫొటోలు ఉంటాయని అనుకుంటారు. అవి నోటీసు బోర్డులోనూ మీ వాట్సాప్ గ్రూపులోనూ ఎలాగూ వస్తాయి. ఈ నెల వేరే సంగతి రాస్తున్నాను. ఆటలాడే పిల్లల మూడ్ గురించి.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పుడు నేను వేరే చోట పీఈటీగా పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె 800 మీటర్లు పరుగెత్తేది. అడుగు తేలిక, పట్టుదల ఎక్కువ. ఒక దశలో నెల రోజులుగా ఆమె టైం పెరుగుతూ పోయింది. 2 నిమిషాల 41 సెకన్లలో ముగించే పిల్ల 2 నిమిషాల 48 సెకన్లకు వచ్చింది. ఆ వారమే పేరెంట్స్ మీటింగ్. వాళ్ల నాన్న భూగర్భ గనిలో పనిచేస్తారు. ఫస్ట్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి నేరుగా వచ్చినట్టున్నారు, తల ఇంకా తడిగానే ఉంది.

"సార్, మా బిడ్డ మునుపటి లెక్క లేదు. పొద్దున లేపితే లేస్తలేదు. ఏమన్న అంటే ఊకెనే ఏడుస్తది, లేకపోతే తమ్ముని మీద ఇంతెత్తున లేస్తది. బద్ధకమైంది సార్. మీరు జర గట్టిగ చెప్పాలె."

గట్టిగానే చెప్పాను. చెప్పి ఊరుకోకుండా సాయంత్రం ప్రాక్టీసులో రెండు రౌండ్లు పెంచాను. టైం తగ్గాలంటే ఇంకా పరుగెత్తించాలనేదే అప్పటికి నాకు తెలిసిన కోచింగ్. మూడు వారాలు గడిచాక ఒక రోజు పొద్దున ఆ అమ్మాయి గ్రౌండ్‌లో కూర్చుని, షూ వేసుకుని, లేసులు మాత్రం కట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. దగ్గరికి వెళ్తే తలెత్తకుండానే "సార్, నాకు ఉరకబుద్ధి అయితలేదు" అంది. కళ్లలో నీళ్లు లేవు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆమెకు పట్టింది బద్ధకం కాదు. బద్ధకస్తురాలు పొద్దున ఐదింటికి గ్రౌండ్‌కే రాదు. తప్పు నాది. శరీరం నెల రోజులుగా చెబుతున్న మాటను వాళ్ల నాన్న విన్నారు, నాకు చేరవేశారు. మేమిద్దరం దాన్ని అపార్థం చేసుకున్నాం.

ఆ రోజు ఆమెను పరుగెత్తించకుండా, పక్కన కూర్చుని రోజంతా ఏం చేస్తుందో అడిగి కాగితం మీద రాశాను. నాలుగున్నరకు లేవడం. ఐదు నుంచి ఆరున్నర దాకా గ్రౌండ్. భోజన విరామం తీసేస్తే బడిలో ఎనిమిది గంటలు. సాయంత్రం మళ్లీ గంటన్నర గ్రౌండ్. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా హోంవర్క్. పడుకునేసరికి పదకొండు. ఆదివారం సెలవే గానీ, సెలెక్షన్లు దగ్గర పడ్డాయని పొద్దున మూడు గంటలు గ్రౌండ్. కూడితే రోజుకు 13 గంటల పని, ఆరు రోజులకు 78 గంటలు, ఆదివారం పరుగు అదనం. నిద్ర ఐదున్నర గంటలు. పొద్దున తిండి టీ, రెండు బిస్కెట్లు.

ఆ కాగితం వాళ్ల నాన్నకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "మాకే ఇంత లేదు సార్" అన్నారు.

నిజమే, లేదు. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో పనిచేసే మనిషికి రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని గీత గీసింది. వారంలో ఆరు రోజులకు మించి ఎవరితోనూ గనిలో పనిచేయించకూడదనీ రాసింది. ఆ గీతల వెనక ఎన్నో ప్రమాదాలు, ఎన్నో పోరాటాలు ఉన్నాయని ఈ బెల్టులో పుట్టినవారికి చెప్పక్కర్లేదు. బొగ్గు తవ్వే నలభై ఏళ్ల మనిషి శరీరానికి హద్దు ఉందని చట్టమే ఒప్పుకుంది. ఎదిగే వయసులో ఉన్న పద్నాలుగేళ్ల పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ హద్దును మనం "డెడికేషన్" అనే మాటతో చెరిపేస్తున్నాం.

ఇక అసలు విషయం. కఠినమైన ప్రాక్టీసు చేసిన రోజు శరీరం కాస్త దెబ్బతింటుంది. కండరాల్లో దాచుకున్న శక్తి ఖర్చవుతుంది, కండర పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న చీలికలు వస్తాయి, నరాలు అలసిపోతాయి. తర్వాత తిండి, నిద్ర, విశ్రాంతి దొరికినప్పుడు శరీరం ఆ నష్టాన్ని పూడ్చి, ఈసారికి కాస్త ఎక్కువే సిద్ధం చేసుకుంటుంది. పరుగు వేగం పెరిగేది ఈ రెండో భాగంలోనే. రెండో భాగానికి సమయం ఇవ్వకుండా మొదటి భాగాన్నే రోజూ చేయిస్తే నష్టం మీద నష్టం పేరుకుంటుంది. కొద్ది రోజుల అలసటయితే రెండు మూడు రోజుల విశ్రాంతితో పోతుంది, దాని వల్ల మేలు కూడా జరుగుతుంది. అది దాటితే తేరుకోవడానికి వారాలు పడుతుంది. అదీ దాటితే నెలలు. ఈ చివరి దశనే ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్ అంటారు. యూరప్, అమెరికా క్రీడా వైద్య సంస్థలు 2013లో కలిసి ఇచ్చిన ప్రకటన ఒక మాట స్పష్టంగా చెప్పింది: దీన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష అంటూ ఏదీ లేదు. మిగతా జబ్బులు ఏవీ కావని ఒక్కొక్కటే తోసిపుచ్చి, చివరికి ఇదే అని తేల్చాలి.

పరీక్ష లేదు సరే, మరి ముందుగా తెలిసేదెట్లా? ఇక్కడే మూడ్ సంగతి వస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మోర్గాన్, ఆయన తోటివారు పదేళ్ల పాటు సుమారు 400 మంది ఈతగాళ్లను గమనించి 1987లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్లు వాడింది ఖరీదైన యంత్రం కాదు, ఒక ప్రశ్నల కాగితం. అందులో ఆరు విషయాలు కొలుస్తారు: ఆందోళన, దిగులు, కోపం, హుషారు, అలసట, గందరగోళం. బాగా ఆడే ఆరోగ్యవంతుడైన క్రీడాకారుడిలో హుషారు ఒక్కటే మామూలు గీత పైకి పొడుచుకు వస్తుంది, మిగతా ఐదూ గీత కిందే ఉంటాయి. నీళ్ల మీద తేలే మంచుకొండలా కనిపిస్తుందని దానికి ఆ పేరే పెట్టారు. ఈత దూరం పెంచిన కొద్దీ ఆ కొండ మెల్లగా తలకిందులైంది. హుషారు మునిగింది, అలసట, దిగులు, కోపం పైకి తేలాయి. దూరం తగ్గించగానే మూడ్ తిరిగి మామూలైంది. అంటే మూడ్ ఇష్టం వచ్చినట్టు మారలేదు. మోసే భారంతో పాటు మెట్టు మెట్టుగా కదిలింది.

2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఇలాంటి అధ్యయనాలన్నీ ముందేసుకుని చూశారు. గుండె వేగం, రక్తంలో హార్మోన్లు లాంటి కొలతల కంటే, క్రీడాకారుడు "నాకు ఎట్లా ఉంది" అని తనకు తానుగా చెప్పే మాటే శిక్షణ భారాన్ని ఎక్కువ నమ్మకంగా పట్టిస్తోందని తేల్చారు. నా చేతిలో స్టాప్‌వాచ్ ఉంది. ఆ తండ్రి చేతిలో ఏమీ లేదు, కానీ ఇంట్లో కూతురి ముఖం చూసేవారు. ఆయన కొలతే ముందు వచ్చింది.

ఈ మాట ఆయనతో అంటే, ఆయన గనిలో సంగతి చెప్పారు. "పని మొదలుపెట్టే ముందు కట్టెతో పైకప్పు కొట్టి చూస్తం సార్. గట్టిగ మోగితే సరే. డొల్లగ మోగితే కింద నిలబడం. కప్పు కూలినంక చూసేదేముంటది?" పాత రోజుల్లో సర్దార్లు సేఫ్టీ ల్యాంపు మంట తగ్గించి కప్పు దగ్గర పట్టేవారని, మంట మీద నీలంగా టోపీలా కనిపిస్తే మీథేన్ ఉన్నట్టని కూడా ఆయనే వివరించారు. మంట రంగు మారిందని ల్యాంపును తిట్టేవాళ్లు ఎవరూ ఉండరు. బిడ్డ కోపం చేస్తే మాత్రం బిడ్డనే తిడతాం.

పిల్లలందరిలో ఇది ఒకేలా కనిపించదు. కొందరు అమ్మాయిలు ముడుచుకుపోతారు. మగపిల్లల్లో చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది: బ్యాటు విసరడం, అంపైర్‌తో గొడవ, ఇంట్లో తలుపులు దబాల్న వేయడం. ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు ఉన్నట్టుండి జోకులు వేయడం మానేశాడు, అంతే. అది తప్ప ఇంకే లక్షణమూ లేదు. అంతకు ముందు పిల్లవాడు ఎలా ఉండేవాడో తెలిసినవారికే తేడా తెలుస్తుంది. కాబట్టి ఈ విషయంలో నాకంటే మీరే పెద్ద కోచ్‌లు. మూడ్‌తో పాటు ఇంకొన్ని చూడండి: పడుకున్నా నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం, జలుబూ జ్వరం మాటిమాటికి రావడం, నొప్పి ఒకచోట తగ్గగానే మరోచోట మొదలవడం, ఇష్టంగా ఆడే ఆటకు వెళ్లడానికి సాకులు వెతకడం. అమ్మాయిల్లో నెలసరి మూడు నెలలు వరుసగా ఆగిపోతే "ఆటలాడే పిల్లలకు మామూలే" అనుకోవద్దు. శరీరానికి ఖర్చుకు తగిన తిండి అందడం లేదని అది చెబుతున్న మాట కావచ్చు. డాక్టరుకు చూపించాల్సిందే.

తిండి దగ్గరికి వచ్చాం కాబట్టి ఒక మాట. ఆ అమ్మాయికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 ఉంది. రక్తహీనత ఒక్కటే చాలు, మనిషిని నీరసంగా, చిరాకుగా మార్చడానికి. ఇదేమీ అరుదైన సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి పిల్లను ఖాళీ కడుపుతో పరుగెత్తించి, టైం రాలేదని కోప్పడితే ఏం లాభం? ప్రాక్టీసుకు ముందు ఒక అరటిపండో, గ్లాసు రాగి జావో తాగించండి. వచ్చాక ఉడికించిన గుడ్లు, పప్పు, ఉడికించిన బబ్బెర్లు, పల్లి పట్టీ, ఏది మీ ఇంట్లో వీలైతే అది పెట్టండి. డబ్బాల్లో దొరికే ప్రొటీన్ పొడుల గురించి చాలామంది అడుగుతున్నారు. బడి వయసు పిల్లలకు వాటి అవసరం లేదనే నా అభిప్రాయం. ఆ డబ్బు గుడ్లకు, పాలకు, కూరగాయలకు పెట్టండి.

పరీక్షల మాట కూడా చెప్పాలి, మనది మార్కుల మీద నడిచే బడి కాబట్టి మరీ ముఖ్యంగా. శరీరానికి ఒత్తిడి అంటే ఒకటే ఖాతా. పరుగు నుంచి వచ్చిందా, ఫిజిక్స్ పేపర్ నుంచి వచ్చిందా, ఇంట్లో గొడవ నుంచి వచ్చిందా అని అది వేరువేరు పద్దులు రాసుకోదు. అమెరికాలో ఒక కళాశాల ఫుట్‌బాల్ జట్టును గమనిస్తే, పరీక్షలున్న వారాల్లో ఆటగాళ్లకు గాయాలు గణనీయంగా పెరిగినట్టు 2016లో వచ్చిన అధ్యయనంలో తేలింది. మైదానం అదే, కోచ్ అతనే, ఆట అదే. పెరిగింది పరీక్షల భారం. యూనిట్ టెస్టులు ఉన్న వారంలో మేము గ్రౌండ్ భారం తగ్గిస్తే "ఫీజు కడుతున్నాం కదా సార్, ప్రాక్టీస్ ఎందుకు తగ్గించారు" అని దయచేసి ఫోన్ చేయకండి. ప్రాక్టీస్ వారంలో "టెస్ట్ మార్కులు తగ్గాయి" అని మా తోటి టీచర్లు పిల్లలను నిలబెట్టి అడగకూడదు కూడా. ఈ మాట స్టాఫ్ రూమ్‌లో నోటితో చెప్పాను, ఇప్పుడు రాసి కూడా పెడుతున్నాను.

మీటింగుల్లో తల్లిదండ్రులు ఎక్కువసార్లు చెప్పే పేరు పి.వి. సింధు. చిన్నప్పుడు అకాడమీకి రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణించిందని, తెల్లవారక ముందే కోర్టులో ఉండేదని, 2016 రియో ఒలింపిక్స్ ముందు మూడు నెలలు కోచ్ గోపీచంద్ ఆమె ఫోన్ తీసేసుకున్నారని. అన్నీ పత్రికల్లో వచ్చినవే, నిజమే. మనం ఆ కథలో కష్టం ఉన్న భాగాన్ని కత్తిరించి ఇంటికి తెచ్చుకుంటాం. ఆమె తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడినవారు. అలసిన శరీరం ఎలా ఉంటుందో తమ ఒంటితో తెలుసుకున్న మనుషులు ఆ ఇంట్లో ఉన్నారు. ఇంకో సంగతి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సింధు స్వర్ణం గెలిచింది, చీలమండ నొప్పితోనే. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఒక్క దెబ్బకు ఎముక విరగడం వేరు. పదే పదే పడే భారానికి ఎముకలో సన్నని పగులు రావడం వేరు, దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. అదే నెలలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది. ఒకప్పుడు తాను స్వర్ణం గెలిచిన టోర్నీ అది. ఆడలేదు. తిరిగి అంతర్జాతీయ కోర్టులో దిగింది 2023 జనవరిలో. ఒలింపిక్ పతకాలు రెండు ఉన్న క్రీడాకారిణి దాదాపు ఐదు నెలలు ఆగింది. మన పిల్లలు జోనల్స్ కోసం ఐదు రోజులు ఆగలేరా?

మన పక్కనే నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్. 2017లో భుజం గాయంతో చాలా కాలం రింగ్‌కు దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో సీనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. మధ్యలో పోయిన ఆ కాలం ఆమెను ఆపలేదు. గాయం కంటికి కనిపిస్తుంది కాబట్టి విశ్రాంతిని అందరూ ఒప్పుకుంటారు. మనసు సంగతికి వస్తే ఆ మర్యాద దొరకదు. 2021లో టోక్యోలో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాలిలో తన శరీరం ఎక్కడుందో తనకే తెలియడం లేదని జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంటే, పిరికిదన్నవాళ్లూ ఉన్నారు. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది.

ఎంత ఆడించాలి అని మీరు అడుగుతారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇచ్చిన సలహా సులువైనది: ఏ ఆటైనా వారంలో కనీసం ఒక రోజు పూర్తి విరామం, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆటకు దూరం. ఆ నెలలు ఒకేసారి కాకుండా విడివిడిగా కూడా ఇవ్వొచ్చు, ఆ సమయంలో పిల్లలు ఇష్టమైన మరో ఆట ఆడుకోవచ్చు. పిల్లల క్రీడా వైద్యులు వాడే ఇంకో లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: వారంలో శిక్షణ గంటలు పిల్లల వయసును దాటకూడదు. పద్నాలుగేళ్లయితే పద్నాలుగు గంటలు. నేను ఆ అమ్మాయిని పరుగెత్తించింది 21 గంటలు. నిద్ర 13 నుంచి 18 ఏళ్ల వయసులో ఎనిమిది నుంచి పది గంటలు ఉండాలి. లాస్ ఏంజెలెస్‌లో బడి పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది గంటల కంటే తక్కువ నిద్రపోయే క్రీడాకారులకు గాయాల ముప్పు 1.7 రెట్లు కనిపించింది. క్వార్టర్‌లో ఒకే గది ఉండి, నాన్న సెకండ్ షిఫ్ట్ దిగి అర్ధరాత్రి వచ్చి లైటు వేస్తే పిల్లలు ఎట్లా పడుకుంటారని ఒక తల్లి అడిగారు. నిజమైన ఇబ్బందే, నా దగ్గర గొప్ప జవాబు లేదు. అలాంటి వారాల్లో పొద్దున గ్రౌండ్‌కు పంపకండి, సాయంత్రం మాత్రమే పంపండి. నాకు ఒక చీటీ రాస్తే చాలు, గైర్హాజరు వేయను.

ఎండాకాలం గురించి వేరే చెప్పాలా? రామగుండంలో మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు, 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ వేడిలో శరీరం తనను తాను చల్లబరుచుకోవడానికే అదనంగా శ్రమ పడుతుంది. వేసవి శిక్షణ శిబిరాలకు పంపేవారు పొద్దున ఎనిమిదిలోపు ముగిసేవే చూసుకోండి.

ఒక హెచ్చరిక. మూడ్ మారిన ప్రతిసారీ అది ఓవర్‌ట్రైనింగే అనుకోవద్దు. రక్తహీనత, థైరాయిడ్, పూర్తిగా తగ్గని జ్వరం కావచ్చు. తోటి పిల్లల వేధింపు కావచ్చు. కోచ్ ప్రవర్తన వల్ల కూడా కావచ్చు. నేను కోచ్‌ని కాబట్టే ఈ మాట రాయాలి. గ్రౌండ్‌కు వెళ్లనని పిల్లలు మొండికేస్తే, ఎంత అలసిపోయారో అడగడంతో ఆగకండి. అక్కడ ఎవరైనా భయపెడుతున్నారా, ఇబ్బందిగా తాకుతున్నారా అనీ ఒంటరిగా, నెమ్మదిగా అడగండి. రెండు వారాలు పూర్తి విశ్రాంతి ఇచ్చినా దిగులు తగ్గకపోతే అది ఆట దాటిన సమస్య, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చావు మాట ఎత్తినా, తనను తాను గాయపరుచుకున్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆ అమ్మాయి సంగతి. రెండు వారాలు పరుగు పూర్తిగా ఆపాం. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. తర్వాత వారానికి నాలుగు రోజులు, రోజుకు ఒకపూటే గ్రౌండ్ అని నిర్ణయించాం. ఆదివారం ఏమీ వద్దు అన్నప్పుడు వాళ్ల నాన్న మొదటిసారి నవ్వారు. "అంటే మా బిడ్డకు ప్లేడే అన్నట్టు సార్. నేనేమో మస్టర్ ఎక్కువొస్తదని ప్లేడే నాడు గూడ డ్యూటీకి పోత. బిడ్డను గూడ అట్లనే చేసిన." వారానికి వచ్చే సెలవు రోజును మన గనుల్లో ఆట రోజు అనే పేరుతో ఎవరు మొదట పిలిచారో గానీ, మంచి పేరు పెట్టారు.

ముందు తిరిగి వచ్చింది మూడ్. మూడో వారం వాళ్ల అమ్మ ఫోన్ చేసి, "తమ్మునితో క్యారమ్స్ ఆడుతుంది సార్" అన్నారు. టైం తిరిగి రావడానికి రెండు నెలలకు పైనే పట్టింది. అప్పటికి ఎంపిక పోటీలు అయిపోయాయి. ఆ ఏడాది ఆమె జోనల్స్‌కు వెళ్లలేదు. ఆ బాధ ఆమెకు చాలా రోజులు ఉంది, నాకూ ఉంది. నెల ముందే ఆపి ఉంటే వెళ్లేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ నెల నుంచి మన బడిలో ఆటలకు పేరు ఇచ్చిన పిల్లలందరి డైరీలో చివరి పేజీ మారుతోంది. రోజూ పొద్దున నాలుగు అంకెలు వేయాలి: నిద్ర, అలసట, ఒళ్లునొప్పులు, మూడ్. ఒకటి నుంచి ఐదు దాకా. ఒకటి అంటే బాగాలేదు, ఐదు అంటే చాలా బాగుంది. అర నిమిషం పని. అంకె పిల్లలే వేయాలి, మీరు దిద్దవద్దు. మూడ్ అంకె వరుసగా నాలుగు రోజులు రెండు దాటకపోతే ఆ వారం ఆ పిల్ల లేదా పిల్లవాడికి గ్రౌండ్ సగమే. ఐదో రోజూ అలాగే ఉంటే నేను మీకు ఫోన్ చేస్తాను. తక్కువ అంకె వేసినందుకు ఎవరినీ జట్టులోంచి తీయను. ఆ భయం ఉంటే అందరూ ఐదులే వేస్తారు.

పిల్లలు నాకు చెప్పనిది మీకు చెబుతారు. శనివారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా స్పోర్ట్స్ రూమ్‌లో ఉంటాను. షిఫ్ట్ వల్ల ఆ వేళకు రాలేనివారు డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి. "మునుపటి లెక్క లేదు" అని రాసినా చాలు, నాకు అర్థమవుతుంది.